షుగరు చేనుకు చేరింది, మాత్ర చేరలేదు
కాలు పోయాక అక్కరకొచ్చే కార్డు, కాలు నిలిపే రోజున కనబడదు

గుంటూరు: చక్కెర జబ్బు షావుకార్ల జబ్బు అనే పాత మాట గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెల్లో ఇప్పుడు చెల్లదు. మెత్తల మీద ఆనుకుని కూర్చుని నేతి మిఠాయి తినేవారికే ఆ జబ్బు వస్తుందని ఒకనాడు చెప్పుకునేవారు. ఇవాళ మిరప కోతకు వెళ్ళే ఆడకూలీకి ఉంది. పత్తి చేనుకు మందు కొట్టే కౌలు రైతుకు ఉంది. యార్డులో టిక్కీలు మోసే హమాలీకి ఉంది. నెయ్యి మాట దేవుడెరుగు, పూటకు రెండు కూరలు లేని ఇంట్లోకి కూడా షుగరు వచ్చి కూర్చుంది.

ఈ సంగతి బయటి ప్రపంచానికి కాస్త తెలిసింది 2025 సెప్టెంబరులో. గుంటూరుకు ఆనుకుని ఉన్న తురకపాలెంలో కొద్ది నెలల వ్యవధిలో పలువురు జ్వరాలతో మరణించడంతో ఆ ఊరి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ప్రభుత్వం కదిలింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి రక్తం తీశాయి. మెలియాయిడోసిస్ అనే నోరు తిరగని పేరు గల జబ్బును డాక్టర్లు అనుమానించారు. అన్ని మరణాలకూ అదొక్కటే కారణమని చెప్పడానికి లేదు. అయితే ఆ జబ్బు నడిచే దారిని చూస్తే, తురకపాలెం గొడవ ఒక్క ఊరి గొడవ కాదని అర్థమవుతుంది.

మెలియాయిడోసిస్ కలిగించే సూక్ష్మజీవి మట్టిలోనూ, బురద నీటిలోనూ ఉంటుంది. కాలి పగుళ్ళ నుంచో, చిన్న గాయం నుంచో ఒంట్లో ప్రవేశిస్తుంది. పుష్టిగా ఉన్న మనిషిని చాలాసార్లు ఏమీ చేయదు. షుగరు ఉన్నవారి మీద, మూత్రపిండాలు దెబ్బతిన్నవారి మీద, తాగుడుకు అలవాటు పడినవారి మీద మాత్రం విరుచుకుపడుతుంది. ఏ దేశంలో చూసినా ఈ జబ్బు పడినవారిలో దాదాపు సగం మందికి ముందే షుగరు ఉన్నట్టు తేలుతోంది. అంటే మట్టిలో ఎప్పటినుంచో ఉన్న పురుగుకు, ఇప్పుడు పల్లెలో ఆశ్రయం ఇచ్చే ఒళ్ళు ఎక్కువయ్యాయన్న మాట. బురదలో వట్టి కాళ్ళతో దిగే మనిషికి షుగరు రావడం, బల్ల ముందు కూర్చునే గుమాస్తాకు షుగరు రావడం ఒకటి కావు.

లెక్కలు ఏమంటున్నాయి

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా లక్షా 13 వేల మందిని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర జబ్బు ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది జబ్బు గడప మీద నిలబడి ఉన్నారని ఆ సర్వే తేల్చింది. పట్టణాల్లో నూటికి 16 మందికి పైగా ఉంటే, పల్లెల్లో నూటికి దాదాపు 9 మందికి ఉంది. పట్నం కంటే తక్కువే కదా అని సంతోషించడానికి వీల్లేదు. దేశంలో ఎక్కువ జనం పల్లెల్లోనే ఉన్నారు. డాక్టరు మాత్రం పట్నంలో ఉన్నాడు.

మన రాష్ట్రం సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్ళు దాటిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి రక్తంలో చక్కెర ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉండడమో, లేదా వారు మాత్రలు వాడుతుండడమో జరుగుతోందని తేలింది. ఆడవారికీ మగవారికీ అటూ ఇటూగా ఇదే లెక్క. దేశం మొత్తం మీద ఆడవారిలో 13.5 శాతం, మగవారిలో 15.6 శాతం మాత్రమే.

ఇది నిన్నగాక మొన్న పుట్టినదీ కాదు. 2005లో గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో పరీక్షలు చేస్తే, 30 ఏళ్ళు దాటినవారిలో నూటికి 13 మందికి షుగరు కనబడింది. అదే ప్రాంతంలో 45 ఊళ్ళలో జరిగిన చావుల లెక్క తీస్తే, మూడింట ఒక వంతు గుండెపోటు, పక్షవాతం వంటివే. పల్లెల్లో మనుషులు కలరాతోనో, విష జ్వరాలతోనో పోతారనుకునే రోజులు అప్పటికే దాటిపోయాయి. ప్రపంచమంతటా ఇదే వరస. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో 58 కోట్ల 90 లక్షల మంది పెద్దలకు ఈ జబ్బు ఉంది. వారిలో ప్రతి ఐదుగురిలో నలుగురు బీద, మధ్యతరగతి దేశాలవారే. నూటికి 43 మందికి తమకు జబ్బు ఉన్న సంగతే తెలియదు.

జొన్న పోయింది, సన్నబియ్యం వచ్చింది

పనిచేసే మనిషికి షుగరు ఎందుకొస్తుందని ఊళ్ళో పెద్దలు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. మెట్ట పల్లెల్లో ఒకప్పుడు జొన్నన్నం, సజ్జ రొట్టె, వరిగన్నం, కొర్రన్నం తినేవారు. వరి అన్నం పండగకు, పెళ్ళికి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడు, నరసరావుపేట, అద్దంకి, దర్శి వైపు మెట్ట భూముల్లో మాగాణి లేచింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఆకలి తీర్చిన పథకం అది. దాన్ని తప్పు పట్టడం అన్యాయం. అయితే బియ్యం సంచితో పాటు జొన్న కుండ అటక ఎక్కిందన్నది కూడా వాస్తవం.

1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బి.పి.టి. 5204, అంటే సాంబమసూరి వచ్చింది. ఆంధ్రదేశమంతా దాని రుచి మరిగింది. రైసుమిల్లు ఆ బియ్యాన్ని మల్లెపూవులా పాలిష్ పట్టి ఇస్తోంది. తవుడు గేదెకు పోతోంది, పిండి మనిషికి మిగులుతోంది. మూడు పూటలా అన్నమో, ఇడ్లీయో, దోశెయో. కూర తక్కువ, పచ్చడి ఎక్కువ. గుంటూరు మిరపకాయకు ఉన్న గొప్ప ఏమిటంటే, చారెడు పచ్చడితో పళ్ళెం అన్నం లోపలికి పంపిస్తుంది. పప్పు, ఆకుకూర లేకపోయినా పూట గడిచిపోతుంది. అక్కడే చిక్కు వస్తోంది. అదే సాంబమసూరిలో ఎండాకు తెగులును తట్టుకునేలా హైదరాబాదు శాస్త్రవేత్తలు తయారుచేసిన రకం రక్తంలోకి చక్కెరను కాస్త నిదానంగా వదులుతుందని కూడా తేలింది. ఆ బియ్యం పల్లె కొట్లో అడిగితే కొట్టువాడు వింతగా చూస్తాడు.

పని కూడా మారింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. మోట పోయి మోటారు వచ్చింది. సైకిలు మీద పొలం వెళ్ళేవాడు మోటారు సైకిలు గట్టు మీద ఆపి దిగుతున్నాడు. కోతల కాలంలో రెక్కలు ముక్కలయ్యే పని, మిగతా నెలల్లో అరుగు మీద పేకాట, టీకొట్టు. రోజుకు అయిదారు టీలు, ప్రతి టీలో రెండు చెంచాల పంచదార. మనవాళ్ళలో మరొక విశేషం ఉందని డాక్టర్లు చెబుతారు. చూడటానికి సన్నంగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన ఒళ్ళు మనది. తెల్లవారికి బాగా లావెక్కితే వచ్చే జబ్బు మనకు కొంచెం పొట్ట వస్తేనే వస్తోంది. మగవారికి నడుము 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పరీక్ష చేయించుకోమంటున్నది అందుకే. దర్జీ టేపుతో ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

పురుగుమందుల మీద కూడా ఒక అనుమానం ఉంది. 2017లో మదురై శాస్త్రవేత్తలు తమిళనాడు పల్లెల్లో పరిశీలించి, కొన్ని రకాల పురుగుమందులు పేగుల్లోని సూక్ష్మజీవుల ద్వారా రక్తంలో చక్కెరను పెంచుతున్నట్టు కనబడుతోందని ప్రకటించారు. ఇది రుజువైన మాట కాదు, ఆలోచించవలసిన మాట. దేశంలో ఎక్కువ మందులు కొట్టే పైర్లు పత్తి, మిరప అని ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. తైవాన్ పంపు వీపున వేసుకుని ముక్కుకు తువ్వాలు కట్టుకుని పొద్దస్తమానం మందు కొట్టే మనిషి రక్తాన్ని పరీక్షించే పని ఈ జిల్లాల్లోనే జరగాలి.

ముల్లు దిగినా తెలియని కాలు

షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే కళ్ళు, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. అన్నిటికంటే ముందు రైతును పడగొడుతున్నది మాత్రం కాలు. మొదట పాదాల్లో తిమ్మిర్లు, మంటలు. తరువాత స్పర్శ పోతుంది. నొప్పి పోయిందని మనిషి సంతోషిస్తాడు. నొప్పి పోవడమే అసలు ప్రమాదం.

పత్తి పీకిన చేలో మోళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. గట్ల మీద తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఉండనే ఉన్నాయి. హవాయి చెప్పు అడుగును తుమ్మ ముల్లు తేలిగ్గా దాటుతుంది. ఒంట్లో స్పర్శ ఉన్నవాడు అబ్బా అని కూర్చుని ముల్లు పీక్కుంటాడు. స్పర్శ లేనివాడు ముల్లుతోనే సాయంత్రం దాకా పని చేస్తాడు, ముల్లుతోనే ఇంటికొచ్చి పడుకుంటాడు. మూడో రోజు పాదం వాచి, ఇంట్లో ఆడవాళ్ళు వాసన వస్తోందని చెబితే గాని చూసుకోడు. మిరప కల్లంలో మరొక ప్రమాదం. మార్చి, ఏప్రిల్ ఎండకు కాలిన నేల మీద వట్టి కాళ్ళతో కాయ తిరగేస్తే అరికాలు బొబ్బలెక్కుతుంది. కాలుతున్న సంగతి కాలికి తెలియదు.

తరువాత కథ ఇంచుమించు అన్ని ఊళ్ళలో ఒకటే. పసుపు, సున్నం పెడతారు. కొందరు బ్లేడుతో చర్మం కోస్తారు, వేడినీళ్ళ కాపడం పెట్టి మరింత కాలుస్తారు. ఆరెంపీ దగ్గర రెండు సూదులు. వారం గడిచాక పేట ఆసుపత్రి, అక్కడి నుంచి గుంటూరు లేదా ఒంగోలు పెద్దాసుపత్రి. అప్పటికి వేలు నల్లబడి ఉంటుంది. వేలుతో పోయేది పాదం దాకా, పాదంతో పోయేది మోకాలి దాకా వస్తుంది. దీనికి తోడు ఇది పొగాకు పండే నేల. చుట్ట, బీడీ తాగేవారికి కాలి రక్తనాళాలు ముందే పూడుకుపోయి ఉంటాయి. అలాంటి కాలికి పుండు పడితే మానడం కష్టం.

రాత్రి పడుకునే ముందు దీపం వెలుతురులో రెండు పాదాలూ, వేళ్ళ సందులూ చూసుకోవడం, వంగలేనివారు అద్దం కింద పెట్టి చూసుకోవడం, ఇంట్లో కుర్రవాళ్ళ చేత చూపించుకోవడం, గోరువెచ్చని నీటి వేడిని మోచేత్తో చూసుకోవడం, పొలానికి అడుగు మందం గల బూటు వేసుకోవడం. డాక్టర్లు చెప్పేది ఇంతే. ఇందులో బూటుకు తప్ప దేనికీ డబ్బు అక్కరలేదు. బూటు వేసుకుంటే నలుగురూ నవ్వుతారని జంకేవారు మాత్రం ఊరూరా ఉన్నారు.

కోత కూలీ, ఖాళీ కడుపు, మాత్ర

మిరప కోతలు ముమ్మరంగా సాగే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ పల్లెల్లో ఆడవారి దినచర్య తలకిందులవుతుంది. నాలుగింటికి లేచి వంట, ఆరింటికల్లా ఆటో. పొద్దున మాత్ర వేసుకుని, క్యారేజీ చేలో తిందామని బయలుదేరతారు. కాటా లెక్కన కూలీ కాబట్టి తినే వేళ జరిగిపోతూ ఉంటుంది. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుని అన్నం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి, మాట తడబడుతుంది. తోటివారు వడదెబ్బ అనుకుని నీడకు చేర్చి నీళ్ళు చల్లుతారు. అక్కడ కావలసింది నెత్తిన నీళ్ళు కాదు, నోట్లో బెల్లం ముక్క, లేదా పంచదార నీళ్ళు. మనిషి స్పృహలో ఉంటేనే నోట్లో పెట్టాలి, లేకపోతే వెంటనే 108కు కబురు చేయాలి. ఒకసారి ఇలా పడినవారు మరునాటి నుంచి మాత్రే మానేస్తారు. పని మానలేరు గనుక మాత్ర మానేస్తున్నారు.

ఆడకూలీలకు మరొక బాధ బయటకు చెప్పుకోలేనిది. చేలలో మరుగు ఉండదు. మూత్రానికి వెళ్ళవలసి వస్తుందని పగలంతా నీళ్ళు తాగరు. షుగరు ఉన్నవారికి మాటిమాటికీ మూత్రం వస్తుంది, దాహమూ ఎక్కువే. రెండూ బిగబట్టడం వల్ల మూత్రనాళానికి చీము పట్టి, మూత్రపిండాల దాకా పాకుతుంది. రోజంతా వంగి కోసిన నడుముకు రాత్రికి నొప్పి మాత్ర. ఆ నొప్పి మాత్రలు అదేపనిగా మింగితే షుగరు ఉన్నవారి మూత్రపిండాలు మరింత త్వరగా చెడతాయి. నొప్పికి ఇచ్చే స్టెరాయిడ్ సూదితో ఆ పూట హాయిగా ఉంటుంది, చక్కెర మాత్రం పైకి ఎగబాకుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి పిల్లాపాపలతో కోతలకు వలస వచ్చేవారి పరిస్థితి ఇంకా కష్టం. వారి పేరు, వారి మాత్రలు సొంత ఊరి రిజిస్టరులో ఉంటాయి. మనుషులు మూడు నాలుగు నెలలు ఇక్కడి చేల గట్ల మీద, పట్టాల కింద ఉంటారు.

ఇన్సులిన్ వాడేవారిది వేరే చిక్కు. 1921లో కెనడాలోని టొరంటోలో కనుగొన్న ఆ మందు వందేళ్ళుగా లోకానికి ప్రాణం పోస్తోంది గాని, ఎండకు తట్టుకోలేదు. రాష్ట్రంలో వేసవి అనగానే గుర్తొచ్చే రెంటచింతల ఈ ప్రాంతంలోదే. ఫ్రిజ్ లేని ఇంట్లో, ఉన్నా కరెంటు నిలవని ఊళ్ళో, సీసా చెడిపోతే కంటికి తెలియదు. కొత్త మట్టి కుండలో తడి ఇసుక పోసి, నీళ్ళు తగలకుండా గట్టిగా మూసిన డబ్బాలో సీసా ఉంచి నీడన పెట్టుకుంటే కొన్ని వారాలు కాపాడుకోవచ్చు.

డబ్బు ఎక్కడ దొరుకుతోంది, ఎక్కడ దొరకడం లేదు

2025లో మిరప ధర పడిపోయి రైతులు యార్డు ముందు గగ్గోలు పెట్టారు. కేంద్రం ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. అంతకు రెండేళ్ళ ముందు 20 వేలు దాటిన సరుకు అది. ఇలాంటి ఏడాది కౌలు రైతు ఇంట్లో మొదట ఆగేది ఎరువుల బాకీ కాదు, వడ్డీ కాదు. అడిగేవాళ్ళు లేని ఖర్చు ముందు ఆగుతుంది. రక్త పరీక్షను, మాత్రను ఎవరూ అడగరు.

నిజానికి మెట్‌ఫార్మిన్ మాత్ర ఖరీదు కప్పు టీ ధర కంటే తక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఊరి ఉపకేంద్రంలో ఉచితమే. మరి కాళ్ళు ఎందుకు పోతున్నాయి? 2007లో మొదలై 2024లో ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు, డయాలసిస్‌కు అక్కరకు వస్తోంది. డయాలసిస్ చేయించుకునే వారికి రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచిదే, ఆ కుటుంబాలకు అది ఊపిరి. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి, కారణం తేలని మూత్రపిండాల జబ్బులతో బాధపడేవారికి షుగరు కూడా తోడైతే ఆ సాయమే దిక్కు. అయితే లెక్క ఇలా ఉంది: మూత్రపిండం చెడిపోయాక నెలకు పది వేలు, చెడకుండా చూసే రోజున మనిషిని పలకరించేవారు లేరు. కాలు తీసేటప్పుడు కార్డు చెల్లుతుంది. పుండు చిన్నగా ఉన్నప్పుడు రోజూ కట్టు కట్టించుకోవాలంటే కూలీ పోగొట్టుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని పోవాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడానికి లేదు. 2008 నుంచి 104 బండ్లు ఊళ్ళకు వచ్చి బి.పి., షుగరు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట పక్కన లింగంగుంట్లలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి ఫ్యామిలీ డాక్టరు పథకాన్ని ప్రారంభించారు. డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది ఏర్పాటు. అదే ఏడాది మే నెలలో కేంద్రం 2025 నాటికి ఏడున్నర కోట్ల మంది బి.పి., షుగరు రోగులను సరైన వైద్యంలోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వాలు మారాయి, బోర్డుల మీద రంగులు, పేర్లు మారాయి. మారనిది ఒక్కటే. బండి పగటి పూట వస్తుంది, పగటి పూట మనుషులు చేలలో ఉంటారు.

దానితో బండి దగ్గర కనబడేది ముసలివారే. ముప్ఫై, నలభై ఏళ్ళవారు, అంటే జబ్బు మొదలై ఇంకా బయటపడనివారు, కోతలో ఉంటారు. వారి బదులు తల్లో అత్తో వచ్చి మాత్రలు తీసుకుంటారు. మాత్రల సంచి ఇంటికి చేరుతుంది గాని రక్తపు చుక్క పరీక్షకు చేరదు. మూడు నెలలకోసారి చేయవలసిన సగటు చక్కెర పరీక్షకు పట్నం పోవాలి. పాదాల స్పర్శ పరీక్ష సంగతి సరే సరి. పది గ్రాముల బరువుకు వంగే నైలాను దారం పుల్లతో పాదం మీద గుచ్చి చూస్తే స్పర్శ ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. దానికి కరెంటు అక్కరలేదు, డాక్టరే చేయాలనీ లేదు. ఉపకేంద్రం నర్సమ్మ, ఆశా కార్యకర్త నేర్చుకుని చేయవచ్చు.

ఇక రోగుల వైపు తప్పు కూడా ఉంది. ఒకసారి చక్కెర మామూలుకు దిగిందని చీటీ చూడగానే మాత్ర ఆపేవారు ఎందరో. మాత్ర వేస్తున్నందువల్ల దిగిందే తప్ప జబ్బు పోయి కాదు. పసర్లు పోసి నలభై రోజుల్లో షుగరు వేళ్ళతో పీకేస్తామని చెప్పేవారికి పల్లెల్లో గిరాకీ తగ్గలేదు. కాకరకాయ, మెంతులు తినవచ్చు, వద్దనేవారు లేరు. వాటిని నమ్మి మాత్ర పారేయడమే ముప్పు. పరగడుపున 126, ఆ పైన వస్తే జబ్బు ఉన్నట్టు. 100కు 126కు మధ్య ఉంటే గడప మీద ఉన్నట్టు. ఈ రెండు అంకెలు పత్తి ధర, మిరప ధర తెలిసినంత బాగా తెలియవలసినవి.

కోతల నెలల్లో 104 బండి సాయంత్రం ఆరు దాటాక ఊరి రచ్చబండ దగ్గర ఆగాలని, ముఠాలు దిగే కూడలిలో పరీక్షలు చేయాలని, వలస కూలీకి ఏ ఊరి కార్డు ఉన్నా ఇక్కడ మాత్ర ఇవ్వాలని, ఉపకేంద్రంలో పుండుకు రోజూ కట్టు కట్టే ఏర్పాటు ఉండాలని గ్రామస్థులు కోరేది సమంజసమే. ఇందులో కొత్త భవనం ఏదీ అక్కరలేదు. ఉన్న బండి, ఉన్న నర్సమ్మ, ఉన్న మాత్రలే. జిల్లా వైద్యాధికారులు వేళలు మార్చడానికి పెద్ద ఉత్తర్వులు కూడా పట్టవు. మిరప కోతలు జనవరిలో మొదలవుతాయి. ముఠా మేస్త్రీలు అంతకు ముందే, డిసెంబరులోనే, మనుషులను మాట్లాడుకుంటారు.